పగులు మీద తేదీ

గోడలకు చెవులుంటాయంటారు.
నోళ్ళు కూడా ఉంటాయి.
వాటికి అడ్డంగా జిప్సం పట్టీ వేసి
పెన్సిలుతో తేదీ రాయడం నా ఉద్యోగం.

జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు.
పట్టీ నిలిస్తే ఇల్లు నిద్రపోతున్నట్టు,
విరిగితే నడుస్తున్నట్టు.
నవ్వకండి.
తిబిలిసిలో ఈ కొండవాలు వీధిలో ఇళ్ళు నడుస్తాయి,
మనుషులకన్నా నెమ్మదిగా, మనుషులకన్నా మొండిగా.

నిరుడు వీధికి రంగులొచ్చాయి.
పిస్తా పచ్చ, దానిమ్మ ఎరుపు,
చెక్క వసారాలకు కొత్త నగిషీ,
ద్రాక్ష తీగకు సైతం ఇనప పందిరి.
బాజా మోగింది, రిబ్బను తెగింది,
ఫొటోలు ఎక్కడ నిలబడి తీసుకోవాలో
నేల మీద పసుపు పాదాలు గీశారు.

కాంట్రాక్టు కాగితంలో ఒక మాట: 'వీధివైపు'.
బ్రష్షు ఆ మాట దగ్గరే ఆగిపోయింది.
గుమ్మం దాటి లోగిట్లోకి వస్తే
పటారం అయిపోయి లొటారం మొదలు.

పదకొండో నంబరు లోగిలి.
ఆరు కుటుంబాలు, ఒక కుళాయి,
కుళాయి కింద పడుకునే కుక్క. పేరు మేయర్.
మేడ మీద అష్ఖెన్, పక్క వాటాలో నజిబ్రోలా.
నీటి బిల్లు దగ్గర మాటలు పోయి ఎనిమిదేళ్ళు.
మధ్య గోడ పగిలాక
ఒకరి రేడియో ఇంకొకరికి వినబడి
ఇప్పుడు స్టేషను గురించి తగువు.
పోనీలే, మాటలు మొదలయ్యాయి.

నజిబ్రోలా నాటకశాలలో దుస్తులు కుడుతుంది.
రాజులకూ సైనికులకూ వేసిన టేపుతోనే
ప్రతి ఆదివారం పగులు వెడల్పు కొలిచి
క్యాలెండరు వెనక రాసుకుంది.
నా పరికరానికీ ఆమె టేపుకీ అర మిల్లీమీటరు తేడా.
తప్పు నా పరికరానిదని తర్వాత తేలింది.

పక్క స్థలంలో హోటలుకి గొయ్యి తవ్వారు,
తొమ్మిదంతస్తులు పైకి, మూడు కిందికి.
ఒక బుధవారం వెళ్ళి చూస్తే
పద్నాలుగు పట్టీల్లో పదకొండు విరిగున్నాయి.
"రాత్రి రెండింటికి," అంది నజిబ్రోలా,
"ఎండు చిక్కుడుకాయలు విచ్చినట్టు, టక్కు, టక్కు.
కూర్చుని లెక్కపెట్టాను."

ఆఫీసులో వజా నా రిపోర్టు చదివి
'కదలిక ఉంది' కొట్టేసి
'పరిశీలనలో ఉంది' అని రాశాడు.
ఆ రెండు ముక్కల మీద తల పెట్టుకుని
ఎన్ని ఇళ్ళు కూలేదాకా పడుకున్నాయో.
నేను మళ్ళీ రాశాను, పైవాళ్ళకి.
ఈసారి జవాబొచ్చింది, నాకు కాదు, లోగిలికి:
తాత్కాలిక వసతి, ఊరి చివర, పంతొమ్మిది కిలోమీటర్లు.
ఎంతకాలం తాత్కాలికమో
ఆ గడి ఖాళీగా వదిలేశారు.

పదిహేడో తారీకున నేను వెళ్ళేసరికి
పద్నాలుగు పట్టీలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.
తేదీలు కూడా నా దస్తూరీలోనే,
కాకపోతే నేను ఏడుకి నడుమ అడ్డగీత పెట్టను.
దగ్గరికి వెళ్ళి చూస్తే
పట్టీ మీద చీమల బారు.
జిప్సం దొరక్క మొక్కజొన్న పిండి కలిపినట్టుంది.
చీమలు దర్జాగా పగులు దాటుతున్నాయి,
ఈ గోడ నుంచి ఆ గోడకి.

నజిబ్రోలా ఏమీ అనలేదు.
మెళ్ళో టేపు తీసింది.
"నీ కోటు భుజం దగ్గర జారింది, ఇటు తిరుగు."
లంచమో, ఆప్యాయతో.
చేతులు చాపి నిలబడ్డాను,
విరిగిన గోడకు ఎదురుగా, కొలత ఇచ్చే నటుడిలా.
టేపు వీపు మీద ఒక చోట ఆగింది.
"కుట్టు విడింది."
"ఎంత?"
చెప్పలేదు. నోట్లో గుండుసూదులున్నాయి.

అష్ఖెన్ మెట్ల మీద నిలబడి చూస్తోంది,
రేడియో కట్టేసి.

ఆ రోజు రిపోర్టులో ఏం రాశానో ఇక్కడ చెప్పను.
పిండి పట్టీ మీద తేదీ మాత్రం చెరిపి
మళ్ళీ నేనే వేశాను,
ఏడుకి అడ్డగీత లేకుండా.